మ్యూట్ బటన్, సరి బేసి

ముందే ఒప్పేసుకుంటున్నా, తప్పు నాదే. కాకపోతే మొత్తం నాది కాదు, ఓ సగం వేరేవాళ్ళకి పంచాలి.

పోయిన సోమవారం నుంచి నా లాప్‌టాప్ ఉన్నట్టుండి నత్తనడక మొదలుపెట్టింది. సోఫాలో ఒళ్ళో పెట్టుకుంటే బుద్ధిగా పనిచేస్తుంది, టేబుల్ దగ్గరికి తెచ్చి ఛార్జర్ పెట్టుకుని కూర్చున్నానా, అంతే, ప్రాణం పోతుంది. దీన్ని బట్టి నేను తేల్చిందేమిటంటే టేబుల్‌లో ఏదో తేడా ఉంది. నవ్వకండి. టేబుల్ ఈ గోడ నుంచి ఆ గోడకి జరిపాను కూడా.

కంప్యూటర్ లోపల ఏం నడుస్తోందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిస్తే అసలు సంగతి బయటపడింది. ప్రాసెసర్, అంటే లాప్‌టాప్ మెదడు, దాని బేస్ స్పీడ్ (మామూలు వేగం) 1.80 గిగాహెర్ట్జ్ అని రాసి ఉంది, నడుస్తున్నది మాత్రం 0.39 దగ్గర. పోనీ వేడెక్కిందా అని వేరే ప్రోగ్రాంలో చూస్తే 47 డిగ్రీలు. ప్రాసెసర్లు వేడికి తట్టుకోలేక వేగం తగ్గించుకునేది మామూలుగా 95, 100 డిగ్రీల దగ్గర. ఇది చల్లగా కూర్చుని మొరాయిస్తోంది. సరే, మీటింగ్ టైమైంది, తర్వాత చూద్దాంలే అనుకుని చేరిపోయాను.

అక్కడే కొంప మునిగింది. మీటింగ్‌లో పద్నాలుగు మంది. నా వంతు రాలేదు కాబట్టి మ్యూట్‌లో ఉన్నాను. ఫైలు తెరవబోతే తెరుచుకోదు, బాణం గుర్తు తెర మధ్యలో దిగబడిపోయింది. మ్యూట్‌లోనే ఉన్నానా అని అనుమానం వచ్చి బటన్ చూస్తే అది ఏ రంగులో ఉందో కూడా తేలడం లేదు, సగం గీసి ఆగిపోయింది. ఎందుకైనా మంచిదని ఒకసారి నొక్కాను. చలనం లేదు. మళ్ళీ నొక్కాను. ఇంకోసారి. లిఫ్ట్ బటన్ గట్టిగా నొక్కితే లిఫ్ట్ త్వరగా వస్తుందనుకునే జాతి మనది కదా, టకటకా ఎన్నిసార్లు నొక్కానో నాకే తెలీదు. ఇక్కడ తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. కంప్యూటర్ నెమ్మదించినా మనం నొక్కిన నొక్కుళ్ళు మామూలుగా మర్చిపోదు. అన్నిటినీ వరసలో నిలబెట్టుకుని, తీరిక దొరికినప్పుడు ఒక్కొక్కటే అమలు చేస్తుంది. అంటే ఓ నిమిషం పాటు నా మైకు తనంతట తాను మూసుకుంటూ, తెరుచుకుంటూ ఉందన్నమాట. సరిసంఖ్య దగ్గర ఆగితే పరువు దక్కుతుంది, బేసి దగ్గర ఆగితే పోతుంది. ఆ నిమిషమంతా నేను ఊరుకున్నానా? లాప్‌టాప్‌కి సుప్రభాతం పాడుతున్నాను. అందులోంచి అవతలివాళ్ళకి ముక్కలు ముక్కలుగా చేరింది ఇదీ, ఒక సహోద్యోగి తర్వాత దయతో చెప్పారు: "నీకేం తక్కువ చేశాను...", "...పొద్దున్నే ఒళ్ళంతా తుడిచాను కదా...", "...వీపు మీద ఒక్కటిచ్చానంటే...", "...అమ్మేస్తాను."

బేసి దగ్గరే ఆగింది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత మా మేనేజర్ గారు చాలా మెల్లగా, "ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా అండీ? కావాలంటే మీరు వెళ్ళి చూసుకోండి" అన్నారు. చెబుదామనే నోరు తెరిచాను. ఈలోపు కాల్ కట్టయిపోయింది.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. ఆ అబ్బాయి ముందర ఏదో కాగితం ఉన్నట్టుంది, అందులో ఉన్న మొదటి వాక్యం "రీస్టార్ట్ చేశారా మేడమ్". రెండోదీ అదే. టేబుల్ దగ్గరే ఇలా అవుతోందని చెబితే "ఏ టేబుల్ మేడమ్?" అని అడిగాడు, చెక్కదని చెప్పాను, రాసుకున్నాడు. ఫోన్‌లో ఉండగానే నాలుగుసార్లు రీస్టార్ట్ చేయించాడు. నాలుగుసార్లూ నల్లటి తెర మీద ఏదో ఇంగ్లీషు పేరా వచ్చింది, నాలుగుసార్లూ "ఎఫ్1 నొక్కాను, ఆన్ అయింది" అన్నాను, నాలుగుసార్లూ "ఓకే మేడమ్" అన్నాడు. ఆ పేరాలో ఏముందని అతను అడగలేదు, చదవాలని నాకూ తోచలేదు. చివరికి "ఫార్మాట్ చేసేయండి మేడమ్" అన్నాడు. శనివారం రాత్రి చేశాను. ఆ రాత్రి గురించి అడక్కండి.

ఆదివారం ఉదయం తెర మీద మళ్ళీ 0.39.

అప్పుడు వచ్చాడు మా తమ్ముడు. "అక్కా, నా ఛార్జర్ చూశావా? వారం నుంచి నేను వాడుతున్నది నాది కాదనుకుంటా, కొంచెం బరువుగా ఉంది." రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. అదే కంపెనీ, అదే నలుపు, అదే గుండ్రటి పిన్ను. నల్లటి ప్లాస్టిక్ మీద బూడిదరంగు చీమకాళ్ళ అక్షరాల్లో వాడి దగ్గరున్నదాని మీద 90 వాట్లు, నా దగ్గరున్నదాని మీద 45. అది డిజైన్ చేసిన మహానుభావుడు ఎవరో గానీ, ఆయన ఇంట్లో ఒక్క లాప్‌టాపే ఉండి ఉంటుంది. ఆ పిన్ను మధ్యలో సూదిలాంటిది ఇంకొకటుంటుంది, తను ఎన్ని వాట్లదో ఛార్జర్ లాప్‌టాప్‌కి చెప్పుకునేది దాంట్లోంచే. చాలదని తెలిస్తే లాప్‌టాప్ ప్రాసెసర్ కాళ్ళు కట్టేస్తుంది. బయటినుంచి "నువ్వు వేడెక్కావు" అని ఒక సిగ్నల్ వస్తే చాలు, చల్లగా ఉన్నా సరే, ప్రాసెసర్ ఎదురు మాట్లాడకుండా వేగం తగ్గించేసుకుంటుందట. మా ఇంట్లో అంత మాట వినేది అదొక్కటే.

నా ఛార్జర్ పెట్టి రీస్టార్ట్ చేశాను. నల్ల తెర రాలేదు. వారం రోజులుగా ఆ పేరా చెబుతున్నది ఇదే, ఛార్జర్ శక్తి చాలడం లేదు, సరైనది పెట్టు అని. స్పీడు 3 దాటింది. టేబుల్‌ని మళ్ళీ పాత గోడ దగ్గరికి జరిపాను.

ఇవాళ మీటింగ్ మధ్యలో మా తమ్ముడు కెమెరాలో నా వెనకనుంచి మంచినీళ్ళ గ్లాసుతో వెళ్ళాడు, ఆరడుగుల మనిషి. మేనేజర్ గారు ఆగి, వాడిని చూసి, "ఆ రోజు మీరు తిడుతున్నది... ఇతన్నేనా?" అన్నారు.

"అవునండీ" అని మ్యూట్ నొక్కాను. ఒక్క నొక్కుకే పడింది.