14కీ 18కీ నడుమ ఒక సంరక్షణ పథకం

హైదరాబాదులో శాస్త్రీయ సంగీతాన్ని కంటికి రెప్పలా కాపాడుతున్నది ఎవరని అడిగితే రవీంద్రభారతి అనో, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ అనో తొందరపడి చెప్పేస్తారు. తప్పు. ఆ ఘనత ఇంటర్మీడియెట్‌ది. ఏళ్ల తరబడి సాధన చేసిన పిల్లలు సంగీత కళాశాలల మీద పడి సీట్లన్నీ నింపేసే ప్రమాదం నుంచి ఈ నగరాన్ని రెండేళ్లు, ఫౌండేషన్ కోర్సు కూడా కలుపుకుంటే నాలుగేళ్లు రక్షిస్తున్నది అదే.

లెక్క చూడండి. కేంద్ర సాంస్కృతిక శాఖ కింద సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం (సీసీఆర్‌టీ) ఇచ్చే స్కాలర్‌షిప్‌కు 10 నుంచి 14 ఏళ్ల మధ్య దరఖాస్తు చేయాలి. అదే శాఖ యువ కళాకారులకు నెలకు రూ. 5,000 చొప్పున రెండేళ్లు ఇచ్చేదానికి 18 నుంచి 25. ఈ రెంటి నడుమ ఖాళీలో మన కార్పొరేట్ జూనియర్ కాలేజీ కొలత తీసి కుట్టినట్టు ఇమిడిపోతుంది. మొదటిది దక్కినవాళ్లు నేర్చుకోవడం ఆపకపోతే 20 ఏళ్లదాకా కొనసాగించుకోవచ్చు. ఆ షరతు చదివాకే మనవాళ్లు తంబూరాకు గలీబు తొడిగి అటక ఎక్కిస్తారు. రెండోదానికి కనీసం అయిదేళ్ల శిక్షణ ఉన్నట్టు గురువు సంతకం కావాలి. పదో తరగతిలో మానేసినవాళ్లు పద్దెనిమిదో ఏట సంతకానికి వెళితే, ముందు ఆయన పోల్చుకోవాలి కదా.

కాలేజీలు లేవని కాదు. రాంకోఠిలో శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల 1952 నుంచి ఉంది: నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా. 1985లో పుట్టి, ఇటీవలే సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయంలో పీజీ దాకా సంగీతం చెబుతారు. ఇవి మన తల్లిదండ్రులకు బస్సు దిగే గుర్తులుగా మాత్రమే తెలియడం వెనక ఎందరి కృషి ఉందో!

ఇంత కట్టుదిట్టం చేసినా కొందరు తప్పించుకుని దరఖాస్తు పెట్టేస్తారు. వాళ్లను గుమ్మంలోనే ఆపే ఏర్పాట్లు ఇంట్లోనే ఉన్నాయి. మొదటిది దరఖాస్తుతో పంపే ఉత్తరం. ఆచార్యులకు తెలియాల్సింది నాలుగే ముక్కలు: ఎవరి దగ్గర ఎన్నేళ్లు, ఏ శ్రుతి, సాధన కోసం నేర్పే రచనలైన వర్ణాలు ఎన్ని (కష్టమైన అట తాళానివి అందులో ఎన్ని), అప్పటికప్పుడు అల్లి పాడే మనోధర్మం ఎంతదాకా వచ్చింది. నాన్నగారు పంపేవి మాత్రం గణపతి నవరాత్రుల షీల్డు, టీవీ పోటీలో రెండో రౌండు, శాలువా ఫొటోలు పదకొండు. త్యాగరాజ ఆరాధనోత్సవంలో అందరూ కలిసి పాడే పంచరత్న కీర్తనల గోష్ఠికి వెళ్లిన సర్టిఫికెట్ తప్పనిసరి. వంద గొంతుల మధ్య కూర్చుని, వరాళి రాగం కీర్తన వచ్చేసరికి పెదాలు మాత్రం కదిలించే విద్యకు ఏ విశ్వవిద్యాలయమూ ఇంకా డిగ్రీ పెట్టలేదు. అది వాళ్ల లోటు.

రెండోది రికార్డింగు. ఇక్కడ మన ప్రతిభ అసామాన్యం. ఫోనులో చప్పుళ్లు తగ్గించే ఏర్పాటొకటి ఉంటుంది. ఆగకుండా ఒకే తీరున మోగేదేదైనా దాని దృష్టిలో ఫ్యానే, కాబట్టి కోసేస్తుంది. తంబూరా మోగేది సరిగ్గా అలాగే. వినేవాళ్లకు శ్రుతి అందదు, సన్నగా తేలిపోయే గమకాల కొసలూ అందవు. మిగిలినదాన్ని వాట్సాప్‌లో పంపితే అది ఇంకాస్త పిండి పంపిస్తుంది. ఆ ఏర్పాటు ఆపేసి, ఫ్యాను కట్టేసి, ఫోనును గాయని ఎదుట మీటరు దూరంలో, మృదంగానికి దానికి రెట్టింపు దూరంలో పెట్టి, ఫైలును డ్రైవ్‌లో ఎక్కించి లింకు పంపితే పని అయిపోతుంది. అంత తేలిగ్గా అయిపోయే పని మన ఇళ్లలో ఎవరూ చేయరు.

జూమ్‌లో ఆడిషన్ అయితే సెట్టింగుల్లో 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యూజిషియన్స్' నొక్కాలి. నొక్కరు. అమ్మాయి కూకట్‌పల్లిలో, మృదంగం అబ్బాయి మల్కాజిగిరిలో కూర్చుని కలిసి మొదలుపెడతారు. శబ్దం వెళ్లి రావడానికి పట్టే ఆ రవ్వంత ఆలస్యం చాలు, మృదంగం ముక్తాయింపు (తీర్మానం) తాళం మొదటి దెబ్బ (సమం) దాటిపోయాక వచ్చి పడుతుంది. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారనుకున్నా భయం లేదు. ఎత్తైన అయిదు శ్రుతి గొంతుకు పొట్టి మృదంగం కావాలి, కిందిదైన ఒకటి శ్రుతికి పొడుగుది. ఏది తేవాలో ఆ అబ్బాయికి ఎవరూ చెప్పి ఉండరు. తెచ్చినదాన్ని రాయితో ఎంత కొట్టినా అంత దూరం ఎక్కదు. బిగించీ బిగించీ మూత చిరిగితే ఆడిషన్ వాయిదా.

ఇవన్నీ దాటినవాళ్లకు పరీక్ష గది. ఇచ్చేది పది నిమిషాలు, అందులో ఆరు తోడి రాగం ఆలాపనకే పోస్తారు. అప్పుడు పరీక్షకులు అది ఆపించి, వర్ణం చేత్తో తాళం వేస్తూ రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో పాడమంటారు. చెయ్యి ఒకవైపు, గొంతు ఒకవైపు. ఆ తర్వాత, మేళకర్త రాగాల వరసలో ధీరశంకరాభరణం ఎన్నోది? 29, టక్కున వచ్చేస్తుంది. ఎలా? మౌనం. అక్షరాలను అంకెలుగా మార్చే కటపయాది పద్ధతి ప్రకారం 'ధీ' 9, 'ర' 2, తిప్పి చదివితే 29. ఆవర్తన పట్టిక నిద్రలో అప్పజెప్పే పిల్లలు ఈ రెండక్షరాల దగ్గర ఆగిపోతారు, ఎందుకంటే ఇది ఏ స్టడీ మెటీరియల్‌లోనూ రాలేదు. థియరీ కూడా అడుగుతారని గురువుగారు చెప్పలేదు, ఆయన్ను ఎవరూ అడగలేదు, నోటిఫికేషన్‌లోని సిలబస్ పేజీ ఎవరూ తెరవలేదు.

సీటు రాకపోయినా నష్టం లేదు, బీటెక్ ఎలాగూ ఉంది. అక్కడ వార్షికోత్సవానికి ప్రార్థనాగీతం పాడేవాళ్లు కావాలి. తంబూరా అక్కర్లేదు, కీబోర్డు అబ్బాయి ఏదో ఒక శ్రుతి ఇస్తాడు. ఒక్క చరణం చాలు, ముఖ్య అతిథి వచ్చేలోపు ముగించాలి.