ఒక ‘ఎం’ ఖరీదు

మా అక్క కొడుకు ఐల్ట్స్ అనే ఇంగ్లీషు పరీక్ష ఫలితం వచ్చిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఏమైందోనని వాడి ఫోను లాక్కుని చూశాను. ఆ పరీక్షలో మార్కుల్ని బ్యాండ్లంటారు. చదవడం 7, రాయడం 7, మాట్లాడటం 7, వినడం 7.5. అన్నిటికన్నా వినడంలోనే ఎక్కువ వచ్చింది కదా అని, "శెబాషురా అబ్బీ, చెవులు బాగా పనిచేసినాయి" అన్నాను.

వాడు తల పట్టుకున్నాడు. "పోయిందే దాంట్లో మామా!"

నేను కడపలో 31 ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైన బడిపంతుల్ని. ఎక్కువ మార్కులు వచ్చిన సబ్జెక్టులో ఫెయిలవడం అనే విద్య నా సర్వీసులో చూడలేదు. వాడే విడమరిచి చెప్పాడు. కెనడాలో స్థిరపడాలంటే వయసుకూ చదువుకూ భాషకూ ఉద్యోగానుభవానికీ పాయింట్లు వేసి, ఎక్కువ ఉన్నవాళ్లను విడతలుగా పిలుస్తారట. భాష ఎంత వచ్చో కొలిచే కెనడావాళ్ల మెట్లలో తొమ్మిదో మెట్టు ఎక్కాలంటే మిగతా మూడింటికీ 7 చాలు, వినడానికి మాత్రం 8 కావాలి. 7.5 వస్తే ఎనిమిదో మెట్టు మీదే కూర్చోబెడతారు. దాంతో వినడానికి రావాల్సిన 31 పాయింట్లు 23 అయ్యాయి. సరే, ఎనిమిదే కదా పోయింది అనుకున్నాను. అక్కడితో ఆగితే కదా! నాలుగింటిలో ఒక్కటి తొమ్మిదో మెట్టుకు రాకపోయినా డిగ్రీకీ భాషకూ ముడిపెట్టి ఇచ్చే 25 కాస్తా 13కు పడిపోతుంది. ఉద్యోగానుభవానికీ భాషకూ ముడిపెట్టి ఇచ్చే 50 సగానికి సగం తెగుతుంది. 8, 12, 25. మొత్తం 45. వాడు బెంగళూరులో ఐదేళ్లు రాత్రింబవళ్లు చేసిన ఉద్యోగం, చెవిలో అర బ్యాండు తగ్గేసరికి సగం ఉద్యోగమైపోయింది. వాణ్ని ఊరికే ఇంటికి పంపిన కంపెనీ కూడా ఇంత కోత పెట్టలేదు.

ఆ అర బ్యాండు ఎక్కడ జారిందో వాడికి తెలుసట. వినే పరీక్షలో 40 ప్రశ్నలు. మామూలుగా 35 ఒప్పయితే 8, 34 అయితే 7.5. ఏది తప్పిందో పరీక్షవాళ్లు చెప్పరు. కానీ బెంగళూరు నుంచి బస్సులో తిరిగొస్తూ మదనపల్లె దాటాక వాడికి ఉలిక్కిపడి మెలకువ వచ్చిందట. అకామడేషన్ అనే మాటకు స్పెల్లింగులో రెండు ‘ఎం’లు ఉండాలి. వాడు ఒక్కటే రాశాడు. అక్కడ స్పెల్లింగు తప్పితే మార్కు లేదు. ఒక ‘ఎం’ తగ్గింది, 45 పాయింట్లు పోయాయి. ఆ మాటకు తెలుగులో అర్థం వసతి.

ఒత్తు మరిచినందుకు, అరసున్న పెట్టినందుకు నేనూ అర మార్కు కోసినవాణ్నే. ‘వొత్తులపంతులు’ అని పిల్లలు వెనకాల అనుకునేవాళ్లు కూడా. అయినా ఒక్క అక్షరానికి 45 కోసే చేవ నాకెప్పుడూ రాలేదు. దానికి కెనడా దాకా పోవాల్సిందే.

మా అమ్మకు 84 ఏళ్లు. జరిగిందంతా విని, "ఆ పాయింట్లు ఎవురన్నా వడ్డీకిస్తారేమో కనుక్కోరాదా?" అంది. నవ్వకండి. ఆమె అడిగినదాంట్లో సగం నిజం అప్పుడే మా వీధిలోకి వచ్చేసింది, పెళ్లి సంబంధాల రూపంలో.

అసలు లెక్క ఏమిటంటే, ఒంటరివాడికి వయసు, చదువు, భాష, అక్కడి అనుభవం అన్నీ కలిపి పెద్దమొత్తం 500. పెళ్లయినవాడికి అదే 460. తగ్గిన 40 ఎక్కడికీ పోలేదు, పెళ్లికూతురి పేరున పెట్టారు. ఆమె చదువుకు 10, ఆమె ఇంగ్లీషుకు 20, అక్కడ పనిచేసి ఉంటే ఇంకో 10. ఆమె పరీక్ష రాయకపోతే ఆ ఇంగ్లీషు పాయింట్లు గాలికి. దీన్ని మన భాషలో ఏమంటారో చదువరులకు నేను చెప్పక్కర్లేదు. మొన్న ప్రొద్దుటూరు సంబంధంవాళ్లు వచ్చినప్పుడు మా అక్క కాఫీ ఇస్తూ, "పిల్ల ఐల్ట్స్ రాసిందా?" అని ఎంత వినయంగా అడిగిందంటే, వెనకటికి మా నాయన "పొలమేమన్నా రాస్తారా?" అని అడిగిన పద్ధతి గుర్తొచ్చింది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టంలో నగదు, ఆస్తి, విలువైన పత్రాలు ఉన్నాయి గానీ బ్యాండ్ల ఊసు లేదు. పార్లమెంటువాళ్లు అంత దూరం చూడలేదు. మన కందిమల్లాయపల్లె బ్రహ్మంగారన్నా చూసి ఉంటారేమో, కాలజ్ఞానం మళ్లీ ఒకసారి తిరగేయాలి.

ఆస్ట్రేలియా తీరు వేరు. అక్కడ పెళ్లికాని ఒంటరికి 10 పాయింట్లు ఇస్తారు. ఇంకో సంగతి విని నా గుండె ఉప్పొంగింది. ఇంగ్లీషు నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఇంగ్లీషుకు మాటలు మార్చే పరీక్ష ఒకటి ఉంది, అది పాసైతే 5 పాయింట్లు. అంటే మన తెలుగుకు పరదేశంలో ధర కట్టారు! తెలుగు వస్తే 5, పెళ్లాం లేకపోతే 10. నేను 31 ఏళ్లు చెప్పిన విద్య బ్రహ్మచర్యంలో సగం విలువ చేస్తుందని రిటైరయ్యాక తెలిసింది.

వాడి సాధన గురించి కొంచెం చెప్పాలి. మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. మధ్యలో ఒక కార్డు చేతికిచ్చి, ఒక నిమిషం ఆలోచించుకోమని, ఆ తర్వాత రెండు నిమిషాల దాకా ఆపకుండా మాట్లాడమంటారు. మావాడు దానికోసం పొద్దున ఐదింటికే మిద్దెక్కి, నీళ్ల ట్యాంకుకు ఎదురుగా నిలబడి, చేతులు తిప్పుతూ, తాను ఎన్నడూ పోని సముద్ర తీరం గురించి, తనకు లేని పెంపుడు కుక్క గురించి ఇంగ్లీషులో చెప్పేవాడు. వారం రోజులు చూసి పక్కింటి ఖాలా మా అక్కను చాటుకు పిలిచి, "పిల్లోనికి గాలి సోకినట్టుంది, గురువారం పెద్ద దర్గాకు తోడుకొని రా" అంది. తీసుకుపోయారు. తాయెత్తు కట్టించారు. మాట్లాడటంలో 6.5 ఉన్నది ఆ తడవ 7 వచ్చింది. ఇందులో కోచింగువాళ్ల వాటా ఎంతో దర్గా వాటా ఎంతో మా ఇంట్లో ఇంకా తేలలేదు. కోచింగువాళ్లు మాత్రం వాడి ఫొటో ఫ్లెక్సీలో వేసుకున్నారు.

మా ఎదురింట్లో ఒకామె ఉంది, రాయచోటి వైపు మనిషి. 14 ఏళ్లు కువైట్‌లో ఇళ్లలో పనిచేసి వచ్చింది. పోయేనాడు ఆమెకు వేలిముద్ర తప్ప సంతకం రాదు. విమానం దిగిన మర్నాడే ఆమెకు వినే పరీక్ష పెట్టారు. మేడమ్ అరబ్బీలో ఉల్లిగడ్డలు అడిగితే ఈమె చీపురు తీసుకుపోయింది. తప్పు జవాబుకు మార్కు కోయడం కాదు, ఆ పూట తిండి ఆలస్యం. ఆర్నెల్లలో చంటిబిడ్డ ఏడుపు, బిడ్డ తల్లి కోపం, కూరగాయలవాడి బేరం అన్నీ అరబ్బీలోనే తెలిశాయి. ఇప్పటికీ ఆమె పెంచిన బిడ్డ అక్కడినుంచి ఫోన్ చేస్తే గలగలా మాట్లాడుతుంది, మధ్యలో "ఒరే నా బంగారూ" అని మన మాట కలుపుతుంది, ఆ పిల్లోడికి అదీ అర్థమవుతుంది. ఉర్దూ కూడా వచ్చు, కడపలో అది కొత్తేమీ కాదు. మూడు భాషలు. ఉబుసుపోక మావాడితో ఆమె పాయింట్లు లెక్క కట్టించాను. వయసు 46, 45 వస్తేనే సున్న. భాషకు సున్న. పనికి సున్న. సున్నలన్నీ ఒక వరసలో చూసి ఆమె, "అబ్బో, ఇన్ని గుండ్లే!" అని నవ్వింది. ఆమె పంపిన డబ్బుతో కట్టిన మిద్దె మాత్రం మా మిద్దెకన్నా ఒక అంతస్తు ఎక్కువ.

భాషా పరీక్షల మీద నాకు పగేమీ లేదని మనవి. అసలు కడపకు అవి కొత్త కాదు. కంపెనీ దొరతనంలో ఇక్కడ కొలువు చేయాలంటే దొరలు మన భాషల్లో పరీక్ష పాసవ్వాలి. సి.పి. బ్రౌను 1817లో మద్రాసులో దిగి, పంతులు దగ్గర తెలుగు నేర్చుకుని, 1820లో పరీక్ష గట్టెక్కి, కలెక్టరుకు సహాయకుడిగా మా కడపకు వచ్చాడు. అప్పటికి 21 ఏళ్లు, పెళ్లి లేదు. కెనడావాళ్లు చూస్తే వయసుకే నిండా 110 ఇచ్చేవాళ్లు. పాసయ్యాక ఊరికే ఉండక 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. ఇప్పటి పరీక్ష స్కోరు రెండేళ్లకే చెల్లదు. ఆ లెక్కన నిఘంటువు బయటికొచ్చేలోగా ఆయన తెలుగుకు 16 సార్లు గడువు తీరిపోయి, 16 సార్లు ఫీజు కట్టాల్సి వచ్చేది. ఈ గడువు సంగతి మా జిల్లా కలమళ్లలో తెలుగు శాసనం చెక్కించిన రేనాటి చోళరాజుకు తెలియక దాన్ని రాతి మీద వేయించాడు. సుమారు 575 నాటిది. ఇప్పటికీ ఎవరూ రెన్యువల్ అడగలేదు.

యర్రముక్కపల్లెలో బ్రౌను పేరిట ఉన్న గ్రంథాలయానికి మావాణ్ని తీసుకుపోయి ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. విని, "మామా, ఈడ వైఫై ఉందా?" అన్నాడు.

వైఫై ఎందుకంటే ఫ్రెంచికి. అదొక్కటే దారని వాడికి ఎవరో చెప్పారు. ఫ్రెంచి బాగా వస్తే అదనంగా 50 ఇస్తారు, పైగా వాళ్లను వేరే విడతలో పిలుస్తారు. 2025 మార్చిలో అలాంటి ఒక విడతలో 379 ఉన్నవాళ్ల దాకా పిలిచారు. మావాడికి ఇప్పుడున్నవి 384. అన్నీ సరిపోయాయి, ఫ్రెంచి రాకపోవడమొక్కటే అడ్డు. మా అమ్మకు 1954 దాకా యానాంలో ఫ్రెంచివాళ్లు ఉన్న సంగతి ఎలా గుర్తొచ్చిందో గానీ, "ప్రొద్దుటూరు సంబంధం వద్దనండి, యానాం పిల్లను చూద్దాం" అంది.

ఇంతకీ ఇంట్లో నేను చెప్పని ముచ్చట ఒకటుంది. ఒక రాత్రి వాడి లెక్క నేను విడిగా వేసి చూశాను. ఆ రెండో ‘ఎం’ రాసి ఉన్నా వాడికి వచ్చేవి 429. మామూలు విడతల్లో 500 దాటినవాళ్లే బయట నిలబడి ఉన్నారు. అంటే ‘ఎం’ ఉన్నా వసతి లేదు. చెబుదామనుకుని నోరు తెరిచి మూశాను. 71 పాయింట్ల కోసం ఏడవడం కష్టం, ఒక్క అక్షరం మీద ఏడవడం తేలిక. పైగా మా అక్క అప్పుడే ఇంకో తడవ ఫీజు కట్టేసింది.

మొన్న జూన్ 1న వాడికి 30 నిండాయి. 29 దాకా వయసుకు 110, ముప్పై రాగానే 105. ఇంట్లో కేకు లేదు. మా అమ్మ మాత్రం మనసు ఊరుకోక సేమియా పాయసం చేసి, అందరికీ గిన్నెలు పరిచి, ఉన్నట్టుండి ఆగింది. "ఔనూ, వీడు పుట్టింది కార్తీకంలో కదా? దీపాలు పెట్టి వస్తాంటే నొప్పులొచ్చె. జూన్ ఎట్లయింది?"

ఎవరూ పలకలేదు. నేను పంకా వైపు చూశాను. ఆ ఏడు బడి తెరిచేనాటికి వాడికి ఐదేళ్లు నిండలేదు. ఇంట్లో అల్లరి భరించలేక మా అక్క, "నువ్వుండే బడే కదా, చేర్చుకోరాదా" అంది. అడ్మిషన్ రిజిస్టరు నా ముందే ఉంది. మా తరం పంతుళ్లందరం పిల్లల్ని జూన్ 1న, జూలై 1న కనేసినవాళ్లమే. గుండ్రటి అక్షరాలతో, ఒక్క తప్పు లేకుండా, జూన్ 1 అని నేనే రాశాను. ఐదు నెలలు ముందుకు జరిపాను, ఐదు పాయింట్లు పోయాయి. వాడి లెక్క ఇప్పుడు సరిగ్గా 379.

మా అమ్మ మా అక్క మొహం చూసింది, మా అక్క నా మొహం చూసింది. పాయసం వాడికి రెండు గరిటెలు పడింది, ఎదురింటామెకు గిన్నెడు పోయింది. నా గిన్నె తీసి మా అమ్మ గూట్లో బోర్లించింది.