రేడియేషన్ చికిత్స అంటుకునేది కాదు

రేడియేషన్ తీసుకున్న క్యాన్సర్ పేషెంట్ పక్కన కూర్చుంటే మనకూ సోకుతుందన్న వాట్సాప్ ప్రచారం తప్పని మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో స్పష్టంగా రాశారు, చాలా సంతోషం. హనుమకొండలో మా పెద్దమ్మకు ఈ చికిత్స జరిగినప్పుడు చుట్టాలు మనవళ్లను ఆమె దగ్గరికి రానివ్వలేదు. జబ్బు కన్నా అదే ఆమెను ఎక్కువ ఏడిపించింది.

బయటి నుంచి మెషీన్‌తో ఇచ్చే రేడియేషన్ ఎక్స్‌రే లాగే ఒంట్లోంచి దాటిపోతుంది. మెషీన్ ఆగాక లోపల ఏమీ మిగలదు. కలిసి తినొచ్చు, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు.

అయితే ఒక ముఖ్యమైన తేడా వ్యాసంలో రాలేదు. థైరాయిడ్ క్యాన్సర్‌కు మింగడానికి ఇచ్చే అయోడిన్-131 వేరు. ఆ మందే రేడియోధార్మికం, అంటే ఒంట్లో ఉన్నంతసేపు అదే రేడియేషన్ వెదజల్లుతుంది. దాని రేడియోధార్మికత 8 రోజులకు సగమవుతుంది, చాలా భాగం మూత్రంలో ఇంకా ముందే పోతుంది. డాక్టర్ చెప్పినన్ని రోజులు గర్భిణులకు, పసిపిల్లలకు దూరంగా ఉండాల్సిందే. ఇది విడిగా చెప్పకపోతే జనం రెండూ ఒకటే అనుకుంటారు.

అసలు ప్రకృతి నుంచే మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌ల (ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) రేడియేషన్ అందుతుంది. మన కరీంనగర్ గ్రానైట్‌లోనూ యురేనియం, థోరియం ఆనవాళ్లు ఉంటాయి. ఛాతీ ఎక్స్‌రేతో వచ్చేది సుమారు 0.1 మిల్లీసీవర్ట్ మాత్రమే.

మెషీన్‌తో రేడియేషన్ తీసుకున్నవాళ్లకు ఆసుపత్రులు డిశ్చార్జ్ కాగితం మీదే "పిల్లల్ని ఎత్తుకోవచ్చు" అని తెలుగులో రాసివ్వాలి. ఇంట్లోవాళ్లకు చూపించడానికి పేషెంట్ చేతిలో అదైనా ఉంటుంది.