తెరపై 90, లోపల 98

ఆటగాడు పాత్రలను నడిపించే రోల్‌ప్లేయింగ్ గేముల్లో ఓటమి కన్నా అనుమానమే ఎక్కువ బాధిస్తుంది. 90 శాతం తగులుతుందని తెర మీద చూపిన దెబ్బ వరసగా రెండుసార్లు గురి తప్పితే, గేమ్ తొండి చేస్తోందని ఎవరికైనా అనిపిస్తుంది. నిజానికి వందకు ఒకసారి అలా జరగాల్సిందే. లెక్క అదే, కానీ మనసు ఒప్పుకోదు. ‘సివిలైజేషన్’ సృష్టికర్త సిడ్ మేయర్ 2010లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ఈ సంగతే వివరించారు. మూడింతల బలం ఉండి కూడా ఓడితే ఆటగాడు దాన్ని అన్యాయంగానే చూస్తాడు.

అందుకే చాలామంది డిజైనర్లు లెక్కను చాటుగా సవరిస్తారు. 2002లో వచ్చిన ‘ఫైర్ ఎంబ్లెమ్: ది బైండింగ్ బ్లేడ్’ చూడండి. దెబ్బ తగిలిందా లేదా తేల్చడానికి 0 నుంచి 99 వరకు ఒక సంఖ్య తీస్తే చాలు, అది తెర మీది శాతం కన్నా తక్కువైతే తగిలినట్టు. ఈ గేమ్ రెండు తీసి, వాటి సగటును తెర మీది శాతంతో పోలుస్తుంది. సగటు ఎప్పుడూ మధ్యకే మొగ్గుతుంది కాబట్టి 90 అని చూపిన దెబ్బ వందకు 98 సార్లు తగులుతుంది, 20 అని చూపినది 8 సార్లే.

ఆటగాడి మీద దయతో చేసిన పనే ఇది, కాదనను. కానీ దాని ఫలితం చూడండి. శత్రువు బాణం తగిలే అవకాశం 20 శాతం అని కనబడగానే, చురుగ్గా తప్పుకోగల కత్తివీరుణ్ని ముందుకు పంపడానికి ఆటగాడు జంకుతాడు. బరువైన కవచం తొడిగినవాణ్ని పంపుతాడు. అసలు లెక్కలో ఆ కత్తివీరుడికున్న ముప్పు, చూపినదాంట్లో సగం కూడా లేదు! సాయంగా పెట్టిన సవరణే అది తెలియనివాడి చేత తప్పు ఎత్తు వేయిస్తోంది. లోపలి లెక్క తవ్వి తీసినవాడికి ఒక ఆట, తెరను నమ్మినవాడికి ఇంకో ఆట. నా అభ్యంతరమంతా ఇక్కడే.

కష్టాన్ని సర్దడం తప్పని నేననను. 2006 నాటి ‘ఆబ్లివియన్’లో మన లెవెల్ పెరిగేకొద్దీ శత్రువులూ పెరుగుతారు. ఒక దశలో దారిదోపిడీ దొంగలు కూడా అరుదైన కవచాలతో ఎదురవుతారు. అది చాలామందికి నచ్చలేదు, నాకూ నచ్చదు. అయినా అక్కడ జరుగుతున్నది కళ్లకు కనబడుతుంది, దాన్నిబట్టి ఆట మార్చుకోవచ్చు. తెర మీద వేసిన అంకె సంగతి వేరు. ఆటగాడు తన పాత్రల ప్రాణాలను దాన్ని నమ్మే పణం పెడతాడు. సాయం చేయాలనుకుంటే ఆ అంకెనే పెంచి 98 అని చూపొచ్చు కదా? చూపితే థ్రిల్ పోతుందన్న వాదన ఉంది. తప్పుడు అంకె మీద పుట్టిన థ్రిల్ నాకు అక్కర్లేదు.

‘బాల్డర్స్ గేట్ 3’ (2023) కొంత మెరుగు. వరస వైఫల్యాలను, వరస విజయాలను తగ్గించే ‘కార్మిక్ డైస్’ అందులో మొదటినుంచీ ఆన్‌లోనే ఉన్నా, పేరుతో సహా సెట్టింగ్స్‌లో కనబడుతుంది, వద్దనుకుంటే ఆపేయొచ్చు.

చాటు సవరణ డబ్బుతో ముడిపడితే ఇక మొహమాటం అనవసరం. ‘మేపుల్‌స్టోరీ’ గేమ్‌లో డబ్బు పెట్టి కొనే క్యూబ్‌ల (పాత్ర ధరించే సామగ్రి అదనపు శక్తులను అదృష్టాన్నిబట్టి మార్చే వస్తువుల) విషయంలో, ఆటగాళ్లు కోరుకునే ఫలితాలు వచ్చే అవకాశాన్ని చెప్పకుండా తగ్గించినందుకు దక్షిణ కొరియా ఫెయిర్ ట్రేడ్ కమిషన్ 2024 జనవరిలో ఆ గేమ్ సంస్థ నెక్సాన్‌కు సుమారు 1,160 కోట్ల వోన్ల జరిమానా వేసింది. అదే ఏడాది మార్చి నుంచి అలాంటి వస్తువుల సంభావ్యతలు బయటపెట్టడం అక్కడ చట్టప్రకారం తప్పనిసరైంది.

పోరాటాల్లోని శాతాలకు చట్టం అక్కర్లేదు, తయారీదారులు తలుచుకుంటే చాలు. ‘ఎక్స్‌కామ్ 2’ తేలిక స్థాయుల్లో, గురి తప్పిన తర్వాతి దెబ్బలు తగిలే అవకాశాన్ని చెప్పకుండా పెంచుతుంది. అత్యంత కఠినమైన స్థాయిలో ఆ సాయం ఉండదు. ఒక స్థాయిలో తీసేయగలిగినదాన్ని మిగతా స్థాయుల్లో ఆటగాడి ఇష్టానికి వదిలేయడానికి సెట్టింగ్స్‌లో ఒక్క మీట చాలు.