కారు కావాలి, కాలేజీ మాత్రం వద్దా?

మధ్యాహ్నం ఆఫీసులో జరిగింది. ఇంకా కడుపు మండుతూనే ఉంది కాబట్టి రాసేస్తున్నా.

మా టీమ్‌లో ఒక సీనియర్ గారున్నారు, కృష్ణా జిల్లా. కూతురి ఇంజనీరింగ్ సీటు కోసం ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెడుతున్నారు, అంటే ఏ కాలేజీ ముందు, ఏది తర్వాత అని ఆన్‌లైన్లో ఇచ్చే వరుస. తింటూనే ఫోన్లో కాలేజీల లిస్టు బొటనవేలితో జరుపుకుంటూ పోతున్నారు. అనంతపురం జేఎన్‌టీయూ దగ్గర ఆ వేలు ఆగింది. నా వైపు చూసి, గొంతు తగ్గించి, "మీది అటే కదండీ... ఆడపిల్ల, పంపించొచ్చంటారా? గొడవలూ అవీ ఉంటాయి కదా" అన్నారు.

ఉంటాయి సార్, ఎందుకుండవు! పొద్దున తొమ్మిదింటికి థర్మోడైనమిక్స్ క్లాసు, పదింటికి సుమోలు గాల్లోకి లేవడం, మధ్యాహ్నం మెస్సులో సాంబారు, సాయంత్రం బాంబులు. అటెండెన్స్ తగ్గితే తొడగొట్టి కండొనేషన్ ఫీజు కట్టాలి. నేను నాలుగేళ్లు అక్కడే చదివాను. కళ్లారా చూసిన పెద్ద హింస మ్యాథ్స్ త్రీ సప్లీ.

ఆ కాలేజీ నిన్నగాక మొన్న రోడ్డు పక్కన షెడ్డు వేసి మొదలెట్టింది కాదు. 1946లో మద్రాసు గిండీలో పుట్టి, 1948లో అనంతపురం వచ్చింది. అప్పటికి ఆంధ్ర రాష్ట్రమే లేదు. ఈయన లిస్టులో మొదట పెట్టిన కాలేజీ వయసెంతో నేను అడగలేదు, మర్యాద కొద్దీ. దాని ఘనతల్లా ఇంటికి దగ్గర, బస్సు వీధి చివరికే వస్తుంది.

ఇంకో మాట. కోస్తా పిల్ల కాబట్టి సీట్ల లెక్కలో ఆమె ఏయూ, అంటే ఆంధ్రా యూనివర్సిటీ పరిధి లోకల్. మా సీమ వచ్చేది ఎస్వీయూ, అంటే తిరుపతి శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ పరిధిలోకి. ఆ పరిధి కాలేజీల్లో 85 శాతం సీట్లు అక్కడి లోకల్ వాళ్లకే పోతాయి. మిగిలిన 15 శాతం ఓపెన్ సీట్లలో సీటు తెచ్చుకోవాలంటే మంచి ర్యాంకు ఉండాలి. ఈ పాపకి ఆ ర్యాంకుంది. కష్టపడి తెచ్చుకుంది పాపం. నాన్నగారు మాత్రం సినిమా చూసి ఆప్షన్లు పెడుతున్నారు.

ఇంతా చేసి ఆయన రోజూ ఆఫీసుకొచ్చేది కియా సెల్టోస్‌లో. అది ఎక్కడ తయారవుతుందనుకున్నారు? మా పెనుకొండ దగ్గర. ఎక్కడో కొరియా నుంచి వచ్చి ఫ్యాక్టరీ పెట్టినవాళ్లకి లేని భయం, కృష్ణా నది దాటి రావడానికి ఈయనకొచ్చింది. మావాళ్లు బిగించిన బ్రేకుల మీద ఇంటిల్లిపాదీ ప్రాణాలు పెట్టుకుని తిరుగుతారు. అమ్మాయిని మాత్రం మా ఊరి హాస్టల్లో పెట్టాలంటే చెమటలు పడతాయి.

అన్నిటికంటే మండేది ఇది. "మరి ఐఐటీ తిరుపతిలో వస్తే పంపేవారా?" అని అడిగా. "అయ్యో, అంతకంటేనా! అది స్వామివారి సన్నిధి కదండీ" అన్నారు. తిరుపతి సీమలో లేదా సార్? మొక్కుకోవడానికి పోతే పుణ్యక్షేత్రం, అదే సీమలో ఇంకో జిల్లాకి చదువుకి పోతే ఫ్యాక్షన్ ఏరియానా? కొండకి పోయే దారిలో ఎక్కడో గేటు పెట్టి, ఇక్కడి నుంచి సీమ కాదు అని బోర్డు రాశారేమో, నేనే చూడలేదు.

అయినా ఇది ఈయనతో మొదలైందా? మా చదువుల సంగతిలో అటువైపు వాళ్లు మాట ఇవ్వడం, మర్చిపోవడం తాతల నాటి నుంచీ ఉన్నదే. 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ బంగళాలో కోస్తా, సీమ నాయకులు కూర్చుని ఒడంబడిక రాసుకున్నారు. ఎందుకు? ఆంధ్ర రాష్ట్రం కోసం సీమ వాళ్లు కలిసి రావాలి కాబట్టి. అందులో ఏముంది? యూనివర్సిటీ కేంద్రాలు వాల్తేరులో ఒకటి, అనంతపురంలో ఒకటి అభివృద్ధి చేస్తామని. రాష్ట్రం 1953లో వచ్చింది. మరుసటి ఏడు తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ పెట్టారు, సంతోషం. మరి అనంతపురం? శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ వచ్చేసరికి 1981. అంటే 44 ఏళ్లు. రాసుకున్నప్పుడు పుట్టిన పిల్లకి, అది తెరిచే నాటికి పెళ్లీడు కూతురుండి ఉంటుంది. ఇన్నేళ్లు యూనివర్సిటీ ఇవ్వకుండా ఆపి, ఇప్పుడేమో "మీ వైపు చదువులు తక్కువ కదండీ" అంటారు. ఎంత బాగుంది!

ఆంధ్రా యూనివర్సిటీ మొదటి వైస్ ఛాన్సలర్ ఎవరో గుర్తుందా? కట్టమంచి రామలింగారెడ్డి గారు, చిత్తూరు జిల్లా మనిషి. ఏలూరులో ఆయన పేరు మీద కాలేజీ కూడా ఉంది. ఈ సీనియర్ గారు డిగ్రీ అక్కడే చదివారు! ఈ ముక్క నాకు సాయంత్రం ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. అక్కడ టేబుల్ దగ్గర గుర్తొస్తేనా, చెప్పేవాణ్ణి.

"ఎవరో ఒక్కాయన అన్నదానికి అందరినీ అంటావేంటప్పా" అని నాకు చెప్పడానికి రాకండి. ముందు మీ ఇంట్లో పిల్లలకి పెట్టిన ఆప్షన్ల లిస్టు తీసి చూడండి. కడప, కర్నూలు, అనంతపురం కాలేజీలు ఎన్నో నంబరులో ఉన్నాయో, అసలున్నాయో లేవో చూసుకుని, అప్పుడు రండి మాట్లాడుకుందాం.