ఆ మాత్రలు మా పాపకే

ఇందాక శ్రీకాకుళంలో ఒక మందుల దుకాణంలో జరిగినది రాయకపోతే నాకు ఈ రాత్రి నిద్ర పట్టదు. గుండెలో రంధ్రానికి ఆపరేషనైన మా పాప ఊపిరితిత్తుల రక్తపోటుకు వాడుతున్న సిల్డెనాఫిల్ 20 మిల్లీగ్రాముల మాత్రల కోసం చీటీ ఇచ్చాను. కౌంటరులోని కుర్రాడు దాన్ని చదివి, పక్కవాడికి చూపించి, ఇద్దరూ నన్ను ఎగాదిగా చూసి, "ఎవులికమ్మా, సారుకా?" అని అడిగారు. చీటీ మీద పాప పేరు, వయసు, బరువు, పిల్లల గుండె వైద్యుని సంతకం అన్నీ ఉన్నాయి. వాటిని చదవడానికి తీరిక లేకపోయింది గాని ముసిముసిగా నవ్వుకోవడానికి మాత్రం బోలెడంత దొరికింది. పైగా 20వి లేవట, 100వి ఉన్నాయట, విరిచి వేసుకోమని సలహా! ఎనిమిది కిలోల పిల్లకు 20 మాత్రనే మెత్తగా నూరి, కొలిచిన నీటిలో కలిపి, సిరంజిలో డాక్టరు చెప్పిన గీత దాకా లాగి, అర్ధరాత్రి అలారం పెట్టుకుని మరీ ఎనిమిది గంటలకొకసారి పోస్తున్నాం. ఆ మందును అప్పడం విరిచినట్టు విరవమని చెప్పే మహానుభావుని గోడ మీద ఫార్మసీ సర్టిఫికెట్టు అద్దాల ఫ్రేములో మెరుస్తూనే ఉంది.

ఔను, 1998లో మగవాళ్ల లైంగిక సమస్యకు వయాగ్రా పేరుతో అమ్మకానికి వచ్చినది ఈ మందే. గుండెనొప్పికి పనికొస్తుందేమోనని మొదలైన పరిశోధనలో బయటపడిన మందు అది. రక్తనాళాలను సడలించడమే దాని పని. ఊపిరితిత్తుల నాళాలలోనూ ఆ పని చేస్తుందని తేలాక, అక్కడి అధిక రక్తపోటుకు 2005లో అమెరికా అనుమతించింది. పిల్లలకు 2011లో ఐరోపా, 2023లో అమెరికా అనుమతినిచ్చాయి. లోకమంతటికీ అందిన ఈ సంగతి మా ఊరి కౌంటరు దాకా రాలేదు. ఆ నవ్వు చూశాక నా బదులు మా ఆయనే వెళ్లి తేవాలా? అదే మాత్ర మగవాడు అడిగితే గౌరవం, ఆడది అడిగితే వినోదం.

దుకాణంవాడిని వదిలేసినా, ఇంటికి వచ్చేవాళ్లను ఏం చేయాలి? "ఆపరేషనైపోనాది కదా, ఇంకా మందులేటి?" అని ప్రతివారూ అడిగేవారే. గుండెలో పెద్ద రంధ్రం ఉన్నంతకాలం ఊపిరితిత్తులలోకి రక్తం అవసరానికి మించి, ఒత్తిడితో తోసుకువస్తుంది. ఆ ధాటికి అక్కడి నాళాల గోడలు దళసరెక్కుతాయి. రంధ్రానికి అతుకు వేసిన పూటే ఆ గోడలు మళ్లీ పలచబడవు. ఐసీయూలో తొలి రాత్రులు ఎలా గడిచాయో వీళ్లెవరూ చూడలేదు. నొప్పి కలిగినా, ఏడ్చినా, ఆక్సిజన్ తగ్గినా ఆ నాళాలు ఒక్కసారిగా ముడుచుకుపోతాయి కనుక, గొంతులోని గొట్టం నుంచి కఫం లాగే ముందు నర్సమ్మ మత్తు పెంచి, ఆక్సిజన్ పూర్తిగా ఇచ్చి, మానిటరు మీద నుంచి చూపు తిప్పకుండా నిలబడేది. ఊపిరితో పాటు లోపలికి పంపిన నైట్రిక్ ఆక్సైడ్ వాయువుతో నాళాలు తెరిపినపడ్డాయి. ఆ వాయువును తగ్గించేటప్పుడు ఒత్తిడి ఎగదన్నకుండా మొదలుపెట్టినదే ఈ మాత్ర.

నిజం చెప్పాలంటే నా అసలు మంట ఆ కుర్రాడి మీద కాదు. పాలు తాగేటప్పుడు పాప నుదుట చెమట పట్టేది, రెండు గుక్కలకే ఆయాసపడి వదిలేసేది, బరువు పెరిగేది కాదు, న్యుమోనియా తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. ఇవన్నీ చెప్పుకుంటే, పెద్ద పేరున్న ఒక డాక్టరు గారు స్టెతస్కోపు పెట్టి, "రంధ్రం ఉంది, దానంతట అదే పూడిపోతుంది, కంగారు పడకండి" అన్నారు. చిన్న రంధ్రాలు చాలావరకు పూడిపోతాయి, కాదనను. పెద్దవాటిని మాత్రం తొలి ఏడాదిలోనే, వీలైతే ఆరు నెలల లోపే మూయాలని చెప్పవలసిన మనిషి చెప్పలేదు, ఎకో (గుండె స్కానింగ్) తీయించమని ఒక్క మాట కూడా రాయలేదు. డబ్బు లేక ఆలస్యమైందా అంటే, అదీ కాదు. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాలలో మాదీ ఒకటి. పిల్లల గుండె ఆపరేషన్లు ఆ పథకంలో ఉన్నాయి. పథకం ఉంది, కార్డు ఉంది, విశాఖకు బస్సులున్నాయి. బయలుదేరమని చెప్పే నోరే కరువైంది. మేం కంగారు పడకుండా కూర్చున్న ఆ నెలలలోనే పాప ఊపిరితిత్తుల నాళాలు దళసరెక్కాయి. ఇంకా ఆలస్యమైతే రంధ్రం మూయడానికి కూడా వీలులేని దశ వస్తుందని విశాఖలో చెప్పినప్పుడు, ఆ "కంగారు పడకండి" ఎంత ఖరీదైన మాటో తెలిసింది.

ఇప్పుడు మా ఆడపడుచు గారు ఫోను చేసి, పసిపిల్లకు అలాంటి మాత్రలు మంచివి కావు, కొన్నాళ్లు ఆపి చూడమంటున్నారు. ఆ మందు ఉన్నట్టుండి ఆపితే ఒత్తిడి మళ్లీ ఎగబాకే ప్రమాదం ఉందని చెప్పాను. ఆమె నమ్మలేదు. నమ్మకపోయినా ఫరవాలేదు, మాత్రలు మా మరిది రేపు విశాఖ నుంచి తెస్తున్నాడు. వాటిని ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు మానాలో ఎకో తీసిన డాక్టరు చెబుతారు.