లినక్స్‌లో నడుస్తుందంటే ఏ లినక్స్‌లో?

సోర్స్ కోడ్ (మనిషి చదవగలిగే ప్రోగ్రాము) ఇవ్వకుండా, కంపైల్ చేసిన, అంటే యంత్రభాషలోకి మార్చిన ఫైలు ఒక్కటే చేతిలో పెట్టి, ‘లినక్స్‌లో నడుస్తుందండీ’ అని బిల్లు వసూలు చేసుకునే సంస్థలు, అది ఏ గ్లిబ్‌సి (చాలా లినక్స్ ప్రోగ్రాములు ఆధారపడే మూల లైబ్రరీ) వెర్షన్ నుంచి నడుస్తుందో కూడా కాగితం మీద రాసి ఇవ్వాలి. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీల కంప్యూటర్లు చూసుకునే వాడిని కనుక, అలా రాసి ఇవ్వకపోతే ఆ తలనొప్పి ఎవరి నెత్తిన పడుతుందో నాకు బాగా తెలుసు.

ఒకచోట మిర్చి టిక్కీల (బస్తాల) తూకం నమోదు చేసే మెషీను డెబియన్ 11 అనే లినక్స్ మీద ఏ పేచీ లేకుండా పనిచేస్తోంది. కాటా ప్రోగ్రాము కొత్త వెర్షన్ పెట్టగానే, ‘గ్లిబ్‌సి 2.34 దొరకలేదు’ అని ఒక్క లైను చూపించి ఆగిపోయింది. ఫోన్ చేస్తే, ‘ఓఎస్ అప్‌గ్రేడ్ చేసుకోండి సార్’ అన్నారు. గేటు బయట లారీలు బారులు తీరిన సీజన్‌లో ఇవ్వదగిన సలహానా అది? కొత్త లైబ్రరీ ఫైలొక్కటి తెచ్చి పాతదాని మీద కాపీ చేయమన్న పెద్దమనిషి మరొకరు. ఆ పని చేస్తే ఫైళ్ల జాబితా చూపే మామూలు ఎల్ఎస్ కమాండు కూడా పలకకుండా పోయే ప్రమాదం ఉంది.

నిజానికి ఆ ప్రోగ్రాము కొత్త సదుపాయమేదీ వాడుకుని ఉండనక్కరలేదు. 2021 ఆగస్టులో వచ్చిన గ్లిబ్‌సి 2.34లో, ప్రతి ప్రోగ్రాములో అసలు పని మొదలయ్యే మెయిన్ ఫంక్షన్‌ను పిలిచే ప్రారంభ ఫంక్షన్‌కే కొత్త వెర్షన్ ముద్ర వేశారు. అందువల్ల గ్లిబ్‌సి 2.35 ఉన్న ఉబుంటు 22.04 అనే మరో లినక్స్‌లో మామూలుగా కంపైల్ చేసిన ‘హలో వరల్డ్’ అనే అతి చిన్న ప్రోగ్రాము సైతం, 2.31 ఉన్న డెబియన్ 11లో లేవదు. పాత ముద్రలను కొత్త గ్లిబ్‌సి అట్టే పెట్టుకుంటుంది కాబట్టి, డెబియన్ 11లో కంపైల్ చేసినది ఉబుంటు 22.04లో గ్లిబ్‌సి వరకు ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంది. అంటే అమ్మేవారు తమ కంప్యూటర్‌లోనే ఒక పాత డెబియన్ కంటైనర్‌లో (విడిగా ఉంచిన పాత డెబియన్ వాతావరణంలో) బిల్డ్ చేస్తే సరిపోయేది. ఆ మాత్రం ఓపిక లేక ఆ భారాన్ని కొనుక్కున్నవారి మీదికి నెట్టారు.

ఆల్పైన్ అనే ఇంకో లినక్స్‌లో ఇంకా చోద్యం. ఫైలు కళ్లెదుటే ఉన్నా ‘అలాంటి ఫైలు లేదు’ అంటుంది. లేనిది ప్రోగ్రాము కాదు, దాన్ని మెమరీలోకి ఎక్కించే గ్లిబ్‌సి లోడర్. ఆల్పైన్ వాడేది గ్లిబ్‌సి కాదు, దాని బదులు ముస్ల్ అనే లైబ్రరీ.

లినక్స్ కాని ఫ్రీబీఎస్‌డీ అనే వేరే ఓఎస్‌తో పోలిస్తే ఇవి ఇంటి గొడవలే. అక్కడా ఫైలు ఫార్మాట్ ఈఎల్ఎఫ్, ప్రాసెసరూ అదే. కానీ 64 బిట్ ఇంటెల్ లినక్స్‌లో సిస్టమ్ కాల్ (ప్రోగ్రాము ఓఎస్‌ను కోరే పని) 1 అంటే ‘రాయి’, ఫ్రీబీఎస్‌డీలో 1 అంటే ‘ముగించు’. ఈ తేడాలను సర్దడానికే అక్కడ లినక్సులేటర్ అనే పొరను ప్రత్యేకంగా పెట్టుకున్నారు. లినక్స్ కెర్నల్‌ను, అంటే ఓఎస్ గుండెకాయను మాత్రం తప్పుపట్టలేం. పాత ప్రోగ్రాములను చెడగొట్టకూడదన్న నియమాన్ని లినక్స్ సృష్టికర్త టోర్వాల్డ్స్ గట్టిగా పట్టుకున్నారు.

ఇకనుంచి నేను రాసే ప్రతి కొనుగోలు ఆర్డరులో కనిష్ఠ గ్లిబ్‌సి వెర్షన్ ఒక షరతుగా ఉంటుంది. అది కుదరదనేవారు ముస్ల్‌తో స్టాటిక్‌గా లింక్ చేసిన, అంటే లైబ్రరీని తనలోనే కలుపుకున్న ఫైలు ఇవ్వవచ్చు. అదీ కాదంటే చెల్లింపు ఆగుతుంది.